పళని దారిలో ముందర దీపాలు

మా పెద్దమ్మాయిని కోయంబత్తూరులో ఇచ్చామని చెబితే ఇప్పటికీ కొందరు "అరవవాళ్ళ సంబంధమా?" అని అడుగుతూ ఉంటారు. కాదండీ, తెలుగువాళ్ళే. కాకపోతే వాళ్ళ పెద్దలు తెలుగునేల విడిచి వెళ్ళి కొన్ని వందల ఏళ్ళయింది, అంతే. మా వియ్యంకులవారి ఇంట్లో మాట్లాడుకునేది, పోట్లాడుకునేది తెలుగులో; రాసుకునేది, లెక్కలు కట్టుకునేది తమిళంలో. తెలుగు అక్షరం ఆయనకు రాదు. మన పత్రిక వచ్చినప్పుడల్లా మా అమ్మాయి చదువుతుంటే కళ్ళు మూసుకుని వింటారట. అంటే ఈ వ్యాసం కూడా ఆయన చెవిన పడుతుందన్నమాట. అందుకే జరిగినదాంట్లో తప్పు నాదేనని మొదటి పేరాలోనే ఒప్పేసుకుంటున్నాను.

రెండేళ్ళ క్రితం తై మాసంలో, మన లెక్కన పుష్య మాసంలో, మా ఆవిడా నేనూ అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. తైపూసం నాడు మదురైలో తెప్పోత్సవం చూడాలని మా ఆవిడకు చిరకాల కోరిక. వదినగారికీ, అంటే మా వియ్యపురాలికీ అదే కోరిక. కోయంబత్తూరు నుంచి మదురైకి రైళ్ళున్నాయి, బస్సులకు లెక్కే లేదు. కానీ బావగారు కారు తీస్తానన్నారు. అది 1986 నాటి అంబాసిడర్. వాళ్ళ నాన్నగారు కొన్నది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా ఈయన మాత్రం ఆ బండిని ఇంట్లో ముసలి ఎద్దును చూసుకున్నట్టు చూసుకుంటారు. మనవడి పుట్టువెంట్రుకల పండుగకని అంతకు మూడు నెలల ముందే మొత్తం విప్పించి, మీగడ రంగు వేయించారు. కొత్త పెళ్ళికూతురులా మెరిసిపోతోంది. ఆ రంగు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

బయలుదేరే రోజు పొద్దున నేను ఒక పేచీ పెట్టాను. కోయంబత్తూరు మూడుసార్లు వచ్చినా పెళ్ళి పనులూ పురుళ్ళ పనులే గాని ఊరు చూసింది లేదు. "తెలుగువాళ్ళు ఉన్న పాత చోట్లు ఒకపూట చూపించి, తరువాత కారెక్కించండి బావగారూ" అన్నాను. పొద్దున్నే బయలుదేరాల్సిన ప్రయాణం సాయంత్రానికి జరిగింది. ఇది నా మొదటి తప్పు.

అవినాశి రోడ్డు మీద పీలమేడు అని ఒక పేట ఉంది. ఒకప్పుడు అది విడి ఊరు. విజయనగరం కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడు మదురైకి వచ్చి నాయక రాజ్యం స్థాపించిన తరువాతా, వలస వచ్చిన కమ్మవారు ఈ ప్రాంతంలో నల్లరేగడి నేలలు చూసుకుని దిగారు. మన దగ్గర తెలిసిన పంటే కదా, పత్తి! ఆ పత్తే తరువాత మిల్లులు పెట్టించింది. 1910లో కుప్పుస్వామి నాయుడుగారి లక్ష్మీ మిల్స్, పీలమేడు సామనాయుడు గోవిందస్వామి నాయుడుగారి కుటుంబం 1926లో పెట్టిన పి.ఎస్.జి. ధర్మసంస్థ, దాని కళాశాలలు, ఆసుపత్రి, ఇవన్నీ ఆ రైతుల ఇళ్ళ నుంచి వచ్చినవే. అలాగని ఇక్కడి తెలుగు ఒక్క కులం సొత్తు అనుకోకండి. బలిజలు, దేవాంగులలో కొందరు, ఊళ్ళకు చెప్పులు కుట్టి కాపాడిన అరుంధతియర్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. అది మన పాఠ్యపుస్తకాల తెలుగు కాదు. "ఉంది" అనడానికి "ఉండాది" అంటారు. బావగారు హెడ్‌లైటును "ముందర దీపం" అంటారు, టెయిల్ లైటును "ఎనక దీపం" అంటారు. విన్న మొదటిసారి నవ్వాను. తరువాత ఆలోచిస్తే, లైటు అనే మాట నా నోట్లో ఎందుకుందో నాకే తెలియలేదు.

ఆ అవినాశి రోడ్డు మీదే జి.డి. నాయుడుగారి పేరున మ్యూజియం ఉంది, 2015లో తెరిచిన కార్ల మ్యూజియం ఉంది. కలంగల్ అనే పల్లెలో 1893లో పుట్టిన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు బడి చదువు సరిగా చదవలేదు. ఒక మోటారు సైకిలు చూసి మోజుపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి కొని, దాన్ని నట్టు నట్టుగా విప్పి మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారని చెబుతారు. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి పీలమేడులో కరెంటు మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. ముప్పై నాలుగేళ్ళు విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని నేను. ఆ మోటారు గురించి బావగారికి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపికగా విని, "బావా, పొద్దు వాలతా ఉండాది" అన్నారు.

నాలుగున్నరకు బయలుదేరాం. ముందు బావగారు, నేను. వెనక వదినగారు, మా ఆవిడ, మధ్యలో ఆరేళ్ళ మనవడు. అమ్మాయీ అల్లుడూ మర్నాడు రైల్లో వస్తామన్నారు. పొల్లాచి, ఉడుమల్‌పేట, పళని, దిండిగల్, మదురై, ఇదీ దారి. కొత్త నాలుగు వరసల రోడ్డు కాదని, ఊళ్ళ మీదుగా పోయే పాత దారే పట్టారాయన. రెండువైపులా కొబ్బరితోటలు, ఆవల పశ్చిమ కనుమలు. అంత చక్కని దారి మన దేశంలో ఎక్కువ లేదని నా నమ్మకం.

పొల్లాచిలో కాఫీకి ఆగాం. నాయుడుగారు 1920లో తన మొదటి బస్సును సొంతంగా నడిపింది సరిగ్గా ఈ పొల్లాచి–పళని దారి మీదే. ఆ ఒక్క బస్సు తరువాత యు.ఎం.ఎస్. అనే పెద్ద బస్సుల సంస్థ అయింది. ఆ సంగతి చెబుతూ కాఫీ తాగుతుండగా బావగారు దీపాలు వేసి చూశారు. ఎడమ హెడ్‌లైటు మసకగా, ఎర్రగా వెలుగుతోంది. కుడిది తెల్లగా బాగానే ఉంది.

ఇంకేం, నా విద్య చూపించే అవకాశం వచ్చింది. "బల్బు పాతబడింది" అన్నాను. కుడి బల్బు తీసి ఎడమకు, ఎడమది కుడికి మార్చి చూశాం. మసక ఎడమ పక్కనే ఉండిపోయింది. అంటే బల్బు తప్పు కాదని తేలిపోయింది. అక్కడితో ఆగి ఆలోచించి ఉంటే నా చదువుకు గౌరవం దక్కేది. బావగారు ఇంకొక మాట కూడా అన్నారు: "ఎడమ పక్క ఇండికేటరు ఏస్తే దాని పక్కన ఉండే చిన్న దీపం కూడా కూడానే ఆరి వెలుగుతా ఉండాది, చూడండి బావా." చూశాను. నిజమే. ఇండికేటరు టిక్కుటిక్కుమన్నప్పుడల్లా పార్కింగ్ లైటు కూడా కన్నుకొడుతోంది. "అదేం పర్వాలేదు, స్విచ్చి దగ్గర లూజు కాంటాక్టు అయి ఉంటుంది" అని తేల్చేశాను. రోగి లక్షణాలన్నీ చెబుతుంటే వినకుండా చీటీ రాసిచ్చే డాక్టరు ఉంటాడే, అలాగన్నమాట.

ఉడుమల్‌పేట చేరేసరికి బాగా చీకటి పడింది. వెనక లారీవాడు ఒకటే హారన్. పక్కకు తీసి దిగి చూస్తే వెనక దీపాలు రెండూ లేవు. నంబరు పలక దీపం లేదు, ముందు పార్కింగ్ లైట్లు లేవు. ఇవన్నీ ఒకే ఫ్యూజు మీద ఉంటాయి. ఫ్యూజు పోయింది. స్పేరు ఫ్యూజు ఒకటుంది, వేశాను. స్విచ్చి తిప్పగానే అదీ పోయింది. రాత్రి ఏడున్నర, షాపులు కట్టేస్తున్నారు. మనవడి చేతిలో చాక్లెట్ ఉంది. ఆ చాక్లెట్ చుట్టిన వెండికాగితం అడిగి తీసుకుని, మడిచి, పోయిన ఫ్యూజుకు చుట్టి గూట్లో నొక్కాను. దీపాలన్నీ వెలిగాయి. బావగారు నా వంక చూసిన చూపులో కొంచెం మెచ్చుకోలు, కొంచెం అనుమానం ఉన్నాయి. "మదురై దాకా ఢోకా లేదు" అన్నాను.

ఉడుమల్‌పేట దాటాక రోడ్డు పక్కన మనుషులు కనిపించడం మొదలైంది. తైపూసానికి పళని మురుగన్‌ను చూడడానికి ఈ చుట్టుపక్కల నుంచి వేలమంది కాలినడకన వెళతారు. పచ్చబట్టలు, కాషాయబట్టలు, భుజాన కావడి, తల మీద సంచి, చాలామందికి కాళ్ళకు చెప్పులుండవు. ఎండకు తట్టుకోలేక రాత్రిళ్ళే ఎక్కువ నడుస్తారు. కొందరి సంచులకు వెలుగు పడితే మెరిసే స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. కానీ ఆ స్టిక్కరు మెరవాలంటే మన బండికి దీపం ఉండాలి కదా.

పది కిలోమీటర్లు కూడా రాలేదు. కారులో ఏదో రబ్బరు కాలిన వాసన. "బావా..." అని ఆయన అంటుండగానే డాష్‌బోర్డు కింద నుంచి సన్నగా పొగ వచ్చింది. ఒక్క క్షణంలో ముందు దీపాలతో సహా మొత్తం ఆరిపోయాయి.

మర్నాడే పున్నమి కనుక ఆకాశంలో వెన్నెల ఉంది. కానీ అక్కడ రోడ్డుకు రెండువైపులా చింతచెట్లు; కింద కాటుక చీకటి. బావగారు బ్రేకు మీద నిలబడినంత పని చేశారు. బండి ఊగి, జారి, ఆగింది. చెట్ల నీడలో నుంచి అరుపులు వినిపించాయి. నేను తలుపు తీసుకుని దిగాను. కళ్ళు చీకటికి అలవాటు పడేసరికి, బంపరు ముందు రెండు బారల దూరంలో ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. భుజం మీద చిన్న కావడి. మా మనవడి ఈడే.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట ముందే రాసేస్తే మంచిదని రాస్తున్నాను. ఎందుకంటే ఇది రాస్తుంటే నాకు మళ్ళీ చెయ్యి వణుకుతోంది.

ఇరవై మంది దాకా చుట్టూ మూగారు. తమిళంలో తిడుతున్నారు, తిట్టాల్సిందే. బావగారు చేతులు జోడించి నిలబడ్డారు. ఆ పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కున్న ఒక ముసలమ్మ మాత్రం మాతో ఏమీ అనలేదు. తనలో తాను, "బిడ్డను తొక్కేసి ఉండురే, దీపం పెట్టుకోకుండా బండి తోలేది ఏమి పనిరా" అని గొణిగింది. తెలుగు! బావగారు తల ఎత్తి, "తప్పు అయిపోయిందమ్మా, క్షమించుకోండి" అన్నారు తెలుగులోనే. ఆమె ఒక్క నిమిషం మా ముఖాలు చూసింది. "మనవాళ్ళేనా? మనవాళ్ళయితే మాత్రం దీపం ఉండొద్దా?" అంది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ముందు నేను చేయాల్సిన పని గుర్తొచ్చింది. బానెట్టెత్తి, బ్యాటరీ మైనస్ తీగ ఊడదీశాను. పొగ ఆగింది. ఫ్యూజు గూట్లోని వెండికాగితాన్ని లాగి పారేశాక ఆ తీగ మళ్ళీ తగిలించాను. ఇంజను నడవడానికి అది చాలు. దీపాలు మాత్రం ఒక్కటీ లేవు. ఆ గుంపు సామాన్లు మోసే టెంపో ఒకటి వెనకే మెల్లగా వస్తోంది. దాని డ్రైవరు కుర్రవాడు మాకు ఉపాయం చెప్పాడు. అతని టెంపో మా వెనక ఇండికేటర్లన్నీ కొట్టుకుంటూ వస్తుంది, మా కారు దాని ముందు, నడిచేవాళ్ళతో పాటు నడక వేగంతో వెళ్ళాలి. మడత్తుక్కుళం మూడు నాలుగు కిలోమీటర్లు. చేరడానికి గంట పైన పట్టింది. నేను కారు ముందు టార్చిలైటు పట్టుకుని నడిచాను. ముసలమ్మ పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. వదినగారు ఎంత బతిమాలినా కారెక్కలేదు. "మొక్కుకుంటిని గదా, బండి ఎక్కి పోతే సామి ఊరుకుంటాడా" అంది. పిల్లవాణ్ణి మాత్రం కాసేపు ఎక్కనిచ్చింది. వాడూ మా మనవడూ వెనక సీట్లో ఏ భాషలో మాట్లాడుకున్నారో తెలియదు, మిగిలిన చాక్లెట్ మాత్రం అయిపోయింది.

రాత్రి మడత్తుక్కుళంలో ఒక చిన్న లాడ్జిలో పడుకున్నాం. పడుకున్నామని పేరే.

పొద్దున ఏడింటికి బస్టాండు దగ్గర బ్యాటరీ షాపు తెరిచిన ముసలి మేస్త్రిని పట్టుకున్నాం. అరవై దాటిన మనిషి. మా మాటలు విని, ఆయనా తెలుగులోకి దిగాడు. మొదట ఫ్యూజు గూడు చూశాడు. అంచున వెండికాగితం ముక్క ఒకటి కరిగి అంటుకుని ఉంది.

"ఇది పెట్టింది ఎవురు?"

బావగారు ఆకాశం వంక చూశారు. "నేనే" అన్నాను.

"మీరు ఏమి పని సార్?"

"కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను."

ఆయన నవ్వలేదు. "ఇండ్లలో ఫ్యూజుకు ఎవురైనా ఇట్లా పెడితే మీరు ఊరుకుంటిరా సార్?" అన్నాడు. ఉద్యోగంలో ఉండగా ఎంతమందికి నేను అదే మాట చెప్పానో లెక్కలేదు.

ఆ తరువాత రెండు గంటలు ఆయన చేసిన పనిని పక్కన కూర్చుని చూశాను. పాత కారున్నవాళ్ళు మన పాఠకుల్లో కూడా ఉంటారు కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మన ఇళ్ళలో కరెంటు రావడానికి ఒక తీగ, తిరిగి పోవడానికి ఒక తీగ ఉంటాయి. కారులో బల్బు దాకా వచ్చేది తీగ, తిరిగి పోయేది కారు రేకు గుండా. దాన్నే ఎర్త్ అంటారు. హెడ్‌లైటు నుంచి ఒక నల్లతీగ పొట్టిగా వచ్చి మడ్‌గార్డు రేకుకు స్క్రూతో బిగించి ఉంటుంది. మేస్త్రి ఒక పెద్ద బ్యాటరీ తీగతో కాలిపోయిన స్విచ్చితో పనిలేకుండా హెడ్‌లైట్లు నేరుగా వెలిగించాడు. మీటరు ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకొక మొన కుడి హెడ్‌లైటు నల్లతీగ మీద పెట్టాడు. పదోవంతు వోల్టు. అదే ఎడమ నల్లతీగ మీద పెడితే మూడు వోల్టులు దాటింది. బ్యాటరీకి పన్నెండున్నర వోల్టులుంటే అందులో మూడు తిరుగుదారిలోనే పోతున్నాయన్నమాట. బల్బు గుణం ఏమిటంటే, వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు తగ్గుతుంది. నాలుగోవంతు తగ్గితే సగం వెలుగు కూడా మిగలదు. మసకగా, ఎర్రగా వెలగడానికి అదీ కారణం.

రుజువు కావాలంటే చూడండి అని, ఒక విడి తీగ తీసుకుని ఎడమ నల్లతీగను బ్యాటరీ మైనస్‌కు తాకించాడు. ఎడమ దీపం భగ్గుమని తెల్లగా వెలిగింది. స్క్రూ విప్పాడు. తీగ చివరి రింగు కింద రేకు మీద మందంగా మీగడ రంగు! రంగువేసిన షాపువాళ్ళు రేకుకు రంగు కొట్టి, ఆరాక, ఆ రంగు మీదే ఎర్త్ స్క్రూ బిగించేశారు. రంగు గుండా కరెంటు పోదు. స్క్రూ మరలు అక్కడక్కడ రేకును గీరుకున్నంత మేర ఏదో కాస్త పోతోంది. మిగతాది ఏం చేస్తుంది? దారి దొరక్క, పక్కనే అదే ఎర్త్‌కు కట్టిన పార్కింగ్ లైటులోకి, ఇండికేటరులోకి చొరబడి వాటి గుండా తిరిగి పోవాలని చూస్తుంది. ఇండికేటరు వేస్తే పార్కింగ్ లైటు కన్నుకొట్టింది అందుకే. బావగారు పొల్లాచిలో చెప్పిన ఆ ఒక్క లక్షణం చాలు, ఎర్త్ పోయిందని పట్టుకోవడానికి. బ్లేడుతో రంగు గీకి, ఎమరీ కాగితంతో రేకు తళతళలాడేదాకా రుద్ది, పళ్ళున్న వాషరు వేసి బిగించి, పైన వాసెలిన్ పూశాడు. తడి తగిలి తుప్పు పట్టకుండా. మళ్ళీ మీటరు పెడితే పదోవంతు వోల్టు.

ఇక వెనక దీపాల షార్టు. ఇది పట్టుకునే పద్ధతి నాకు కొత్త. మనమైతే ఫ్యూజు వేయడం, పోవడం, ఇంకొకటి వేయడం. ఆయన ఫ్యూజుకు బదులు ఇరవై ఒక్క వాట్ల ఇండికేటరు బల్బును రెండు తీగలు కట్టి పెట్టాడు. బ్యాటరీ ప్లస్ నుంచి ఆ బల్బు గుండా టెయిల్ లైట్ల ఎర్ర తీగకు. అంతకుముందే పార్కింగ్, టెయిల్ బల్బులన్నీ పీకేశాడు. లేకపోతే వాటి గుండా పోయే కరెంటుకు కూడా ఈ బల్బు మసకగా వెలిగి మోసం చేస్తుందట. ఇప్పుడు బల్బులేవీ లేవు కనుక ఇది వెలగకూడదు. కానీ నిండుగా వెలిగింది. అంటే ఎర్ర తీగ ఎక్కడో రేకును తాకుతోంది. ఫ్యూజులు కాలవు, తీగ వేడెక్కదు, తీరిగ్గా వెతుక్కోవచ్చు. బల్బును కారు పైకప్పు మీద పెట్టి, కనిపించేలా, తీగల కట్టను ముందు నుంచి వెనక్కి కొంచెం కొంచెంగా కదుపుతూ వెళ్ళాడు. డిక్కీలో రేకు కంత దగ్గర తీగ పట్టుకుని లాగగానే పైకప్పు మీద బల్బు ఆరిపోయింది. వదిలితే వెలిగింది. అక్కడ ఉండాల్సిన రబ్బరు వాషరు లేదు. రంగు వేసేటప్పుడు తీసి, తిరిగి పెట్టలేదు. పదునైన రేకు అంచు మూడు నెలలుగా తీగ తోలును కోస్తూ వచ్చి, ఉడుమల్‌పేట గతుకుల్లో ఎముక దాకా దిగింది.

ఆ షార్టును ఫ్యూజు రెండుసార్లు సరిగ్గానే ఆపింది. మూడోసారి ఫ్యూజు స్థానంలో నా వెండికాగితం ఉంది. కాలాల్సింది కాలకపోయేసరికి, ఆ కరెంటంతా దీపాల స్విచ్చిలో నుంచి పోయింది. స్విచ్చి కాలింది. ఆ పాత బండిలో హెడ్‌లైట్లకు పోయే కరెంటు కూడా ఆ స్విచ్చిలో నుంచే వెళ్ళాలి. వెనక దీపం తప్పుకు ముందు దీపాలు ఆరిపోయింది ఇలాగ.

తీగల రంగుల్ని బట్టి ఆయన చకచకా పనిచేయడం చూసి ముచ్చటేసింది. గోధుమరంగు బ్యాటరీ నుంచి వచ్చేది, నీలం హెడ్‌లైట్లది, ఎర్ర సైడు లైట్లది, నలుపు ఎర్త్. ఇంగ్లండులో లూకాస్ కంపెనీ పెట్టిన పాత పద్ధతి ఇది. 1911లో మదురైలో మొదలైన టి.వి.ఎస్. సంస్థవాళ్ళే 1961లో ఆ లూకాస్‌తో కలిసి మద్రాసులో డైనమోలు, స్టార్టర్లు చేసే ఫ్యాక్టరీ పెట్టారు. "చదువు ఎక్కడ నేర్చారు?" అని మేస్త్రిని అడిగాను. "రంగులే మా అక్షరాలు సార్. తెలుగు చదవను, అరవం కొంచెం చదువుతా, ఇది బాగా చదువుతా" అన్నాడు. ఒక రేకు డబ్బాలో నుంచి పాత అంబాసిడర్ స్విచ్చి వెతికి తీసి బిగించాడు. కాలిన మూర తీగ మార్చాడు. సరైన ఫ్యూజు ఒకటి వేసి, నాలుగు స్పేర్లు చేతిలో పెట్టాడు. నా చేతిలో కాదు, బావగారి చేతిలో.

పదకొండింటికి బయలుదేరి పళని కొండకు రోడ్డు మీద నుంచే దండం పెట్టుకుని, మూడున్నరకు మదురై చేరాం. ఆ ఊరి గురించి మన పత్రికలో పాతవాళ్ళు చాలా రాశారు కనుక నేను దీర్ఘం తీయను. 1636 నాటి తిరుమల నాయకుని మహలులో ఇప్పుడు నిలిచి ఉన్నది మొదట కట్టినదాంట్లో కొంతే. ఆ కొంతలోనే మనిషి చీమలా కనిపిస్తాడు. రైల్వే స్టేషను ఎదుట మంగమ్మ సత్రం ఉంది. 1689 నుంచి మనవడి తరఫున రాజ్యం చేసిన రాణి మంగమ్మ పేరు అక్కడివాళ్ళు ఇప్పటికీ రోడ్లతోనూ సత్రాలతోనూ కలిపే చెబుతారు. దారిన పోయేవాళ్ళ గురించి ఆలోచించిన రాణి అని ఆ పూట నాకు మరీ అనిపించింది. ఆ మనవడు విజయరంగ చొక్కనాథుడు తెలుగు కవి. ఆయన కొలువులోనే సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో రాశాడు. బావగారు ఆ మాట విని, "ఈ ఊరిలోనా? తెలుగులోనా?" అని రెండుసార్లు అడిగారు. అమ్మాయి చేత చదివించుకుంటానన్నారు.

సాయంత్రం మారియమ్మన్ తెప్పకుళం. తిరుమల నాయకుడు తవ్వించిన ఆ కోనేరు ఒక్కో వైపు సుమారు వెయ్యి అడుగులు. మహలుకు ఇటుకలు చేయడానికి ఇక్కడే మట్టి తవ్వారని అంటారు. నడుమ మండపం నిండా దీపాలు. మీనాక్షీ సుందరేశ్వరుల తెప్ప తాళ్ళతో లాగుతుంటే నెమ్మదిగా నీళ్ళ మీద తిరుగుతోంది. మా ఆవిడా వదినగారూ గట్టు మీద నుంచి కదలలేదు. బావగారు మాత్రం నా పక్కన నిలబడి, చాలాసేపటికి, "ఆ బిడ్డ పళని చేరి ఉంటాడా బావా?" అన్నారు. "ఈ పాటికి చేరి ఉంటాడు" అన్నాను. నేనూ వాణ్ణే తలచుకుంటున్నాను.

కిందటి నెల ఫోను చేశారు. మేస్త్రి సలహా ప్రకారం హెడ్‌లైట్లకు రిలేలు వేయించారట. ఇప్పుడు స్విచ్చిలో నుంచి కొద్దిపాటి కరెంటే పోతుంది, పెద్ద కరెంటు రిలే గుండా నేరుగా బ్యాటరీ నుంచి వెళుతుంది. రాత్రి ఇంటి ముందు గోడ మీద రెండు దీపాల వెలుగూ సమంగా పడుతోందని సంతోషంగా చెప్పారు.

"తై నెలకు మళ్ళీ రాండి బావా. పొద్దున్నే పోదాము. ఫ్యూజు మాత్రం మేము పెట్టుకుంటాము."